నాయన వేసిన పేజీలు

ఆ మెయిల్ వచ్చినప్పుడు మెహబూబక్క ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నది నేనే. ఆమె ఫోను పట్టుకుని చదువుతూ చదువుతూ మధ్యలో ఆగింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని మొదటి నుంచి చదివింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. షుగరు పడిపోయిందేమోనని నేను బెల్లం ముక్క కోసం లేవబోయాను.

"కూర్చో విజయా. నేను పంపిన పేజీ ఆ పుస్తకంలో లేదంట" అంది.

"ఏ పుస్తకంలో?"

"నా పుస్తకంలో."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పుస్తకం ఆమె వెనకే ఉంది. గాజు తలుపుల బీరువాలో ఎనిమిది సంపుటాలు, ఎర్ర కాలికో గుడ్డ అట్టలు. కళ్లతో చూసి, వేలు పెట్టి చదివి, ఫోటో తీసి పంపిన పేజీ లేదనడం ఏమిటి? ఆ మాట అన్న పెద్దమనిషి సముద్రాలకు అవతల కూర్చున్నాడు కాబట్టి బతికిపోయాడు. నా నోరు సంగతి తోటపల్లి గూడూరు మండలంలో అందరూ ఎరుగుదురు. ఇరవై ఏళ్లు ఇక్కడి హైస్కూల్లో తెలుగు చెప్పాను. మెహబూబక్క నా పక్క గదిలో ఇంగ్లీషు చెప్పేది. నా గదిలోంచి అరుపులు, ఆమె గదిలోంచి నిశ్శబ్దం వినిపించేవని పిల్లకాయలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆమె పూర్తి పేరు మెహబూబున్నీసా. దూదేకుల వాళ్లు, ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే. తండ్రి మదార్ గారికి నెల్లూరు పెద్ద బజారు సందులో బైండింగ్ అంగడి ఉండేది. ఆయనకు ఇంగ్లీషు రాదు. పుస్తకాన్ని తలకిందులుగా కుట్టకుండా ఉండేందుకు సరిపడా ఏబీసీడీలూ అంకెలూ మాత్రం వచ్చు. మైదా జిగురు కాచేటప్పుడు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడు. అందుకే ఆయన వేళ్లు ఎప్పుడూ పచ్చగా, నీలంగా మరకలతో ఉండేవట. చెదలు తిన్నదైనా, వానకు తడిసినదైనా, తన అంగడికి వచ్చిన పుస్తకం బొక్కలతో తిరిగి పోకూడదని ఆయన పట్టింపు.

అక్క బీఏలో చేరిన ఏడు పెద్ద తుఫాను వచ్చింది. ఏదో మిషన్ బంగళాలో పుస్తకాలు తడిసి, పనికిరావని బయట పడేస్తుంటే మదార్ గారు రిక్షాలో వేసుకొచ్చాడు. అందులో పాత ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఒకటి. మనవాళ్లు రైలు ముఖం కూడా సరిగా చూడని కాలంలో అచ్చయిన పుస్తకమది. దాన్ని కొన్ని నెలల పాటు ఆరబెట్టి, కుట్టి, ఎర్ర కాలికో వేసి కూతురికి ఇచ్చాడు.

"లోకమంతా ఇందులో ఉండాదంట అమ్మణ్ణీ. ఒక్క పేజీ కూడా తక్కువ లేదు. నేను లెక్కబెట్టినాను" అన్నాడట.

ఈ మాట అక్క నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటుంది.

ఆమె ఇంగ్లీషు నేర్చింది ఆ పుస్తకంతోనే. పెళ్లయి ఈ ఊరు వచ్చినప్పుడు సామానులో ముందు దిగింది ఆ ఎనిమిది సంపుటాలే. రిటైరయ్యాక మనలాంటి వాళ్లం టీవీ ముందు కూలబడితే, ఆమె ఒక విచిత్రమైన పని మొదలుపెట్టింది.

పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు చేసేవాళ్లకు ఒక పిచ్చి ఉంది. ప్రతి మాటనూ అచ్చులో మొదట ఏ పుస్తకం వాడింది, ఏ ఏట వాడింది అని పట్టుకోవాలి. అంతకంటే ముందరి సాక్ష్యం ఎవరైనా చూపిస్తే పాత ఏడు కొట్టేసి కొత్త ఏడు రాసుకుంటారు. కావ్యాలనూ నవలలనూ జల్లెడ పట్టడానికి జనం బోలెడంత. విజ్ఞాన సర్వస్వాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివే ఓపిక ఎవరికుంటుంది? కానీ కొత్త యంత్రానికో, కొత్త మందుకో, కొత్త చేతిపనికో పేరు పడగానే ముందు చేరే చోట్లలో అదొకటి. దాన్ని రాసేవాళ్లు లోకంలో కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ వివరించి తీరాలి కదా. అందుకే పాత సర్వస్వాలు ఆ నిఘంటువుల వాళ్లకు బంగారు గని.

"మాట ఎప్పుడు పుట్టిందో తెలియాలంటే దాన్ని మొదట ఎత్తుకున్న వాళ్ల ఇంటికి పోవాల" అనేది అక్క.

రోజూ కొన్ని పేజీలు చదివేది. పాతకాలపు పేజీలో కొత్తదనిపించే మాట తగిలితే నిఘంటువులో ఏడు చూసేది. తన పుస్తకం అంతకంటే ముందుదైతే ఆ పేజీనీ, అచ్చయిన ఏడు ఉన్న మొదటి పేజీనీ ఫోటో తీసి పంపేది. మంచు చేసే యంత్రం గురించి ఒక మాట, తోళ్ల పదును గురించి ఒకటి, సముద్రం అడుగున వేసే తంతి గురించి ఒకటి, ఇలా పదింటిని వాళ్లు ఒప్పుకుని నిఘంటువులో ఏళ్లు మార్చారు. ఆమె పేరు ఎక్కడా వేయలేదు. నాకు ఒళ్లు మండి అడిగాను.

"నా పేరెందుకు? ఏడు మారింది చూడు" అని మురిసిపోయింది.

ఈ ఏడాది పదకొండోది దొరికింది. చేపల మీద వ్యాసంలో, పేజీ అడుగున, 'ఆక్వాకల్చర్'. నిఘంటువు చెప్పే ఏటికి చాలా ముందు. మా చుట్టూ కోడూరు తీరం దాకా రొయ్యల గుంటలే. మా పిల్లకాయలు అమ్మ తర్వాత నేర్చే మాట ఆక్వా. ఆ మాటకు మా ఊరి మనిషి సాక్ష్యం చూపించిందంటే ఊరుకుంటారా? మా దగ్గర చదివిన గణేష్‌కు ఇప్పుడు పెద్ద పెద్ద గుంటలున్నాయి. మేత దుకాణం ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. అక్క ఫోటో, దాని పక్కన గంతులేస్తున్న రొయ్య, కింద 'ఆక్వా పదాన్ని కనిపెట్టిన మన మేడమ్ గారికి అభినందనలు'.

"కనిపెట్టలేదు గణేష్. చూసినాను, అంతే" అంది అక్క సిగ్గుపడుతూ.

"చూసేవాళ్లు లేకుంటే ఉన్నా లేనట్టే గదా మేడమ్. ఆదివారం రైతులంతా కలిసి శాలువా కప్పుతాం, మీరు రావాల" అన్నాడు.

ఆ ఆదివారం ఇంకా నాలుగు రోజుల్లో ఉందనగా వచ్చింది ఆ మెయిల్.

నిఘంటువు సంపాదకుడు మర్యాదగానే రాశాడు. తమ దేశంలో ఒక గ్రంథాలయంలో అదే పుస్తకం, అదే ఏటి ముద్రణ ఉందట. పదకొండో మాటను ఒప్పుకునే ముందు ఆ పేజీ తీయించి చూశారట. అక్కడ ఆ మాట లేదు. మీ ప్రతిని మరోసారి పరిశీలించగలరా అని అడిగి, వాళ్ల పేజీ ఫోటో జత చేశాడు.

అక్క బీరువా తీసి మూడో సంపుటం బల్ల మీద పెట్టింది. ఫోన్లో వాళ్ల పేజీ, బల్ల మీద మా పేజీ. నేనూ కళ్లజోడు సవరించుకుని వంగాను. పేజీ నంబరు ఒకటే. పై వరస ఒకటే. వలలో చేప బొమ్మ ఒకటే. కిందికి వచ్చేసరికి వాళ్ల దాంట్లో చేప నూనె గురించి ఏదో పేరా ఉంది. మా దాంట్లో అదే చోట, అంతే పొడవున, చేపల పెంపకం పేరా. చివర్లో మా మాట. ఒకే పుస్తకం, ఒకే ఏడు, ఒకే పేజీ ఇద్దరికి రెండు రకాలుగా చెప్పడం నేనెక్కడా చూడలేదు.

"వాళ్ల పుస్తకమే తప్పు" అన్నాను. నాకు తోచింది అదొక్కటే.

అక్క ఫోను బల్ల మీద బోర్లించింది. నెమ్మదిగా అంది. "నేనే ఏదో చేసినానని అనుకుంటుండారు. వయసు మీద పడింది, పేరు కోసం ఆశపడింది అనుకుంటుండారు."

అంత పరువుగా బతికిన మనిషి నోట ఆ మాట వినడం నాకు కష్టంగా తోచింది. పుస్తకం సంగతి తేల్చాలంటే పుస్తకం పని తెలిసినవాడు కావాలి. ఆమె తమ్ముడు కలీంకు ఫోన్ చేశాను. తండ్రి అంగడిలోనే ఇప్పుడు జిరాక్సు, లామినేషన్ చేస్తున్నాడు. తండ్రి దగ్గర పని నేర్చినవాడే.

కలీం మర్నాడు పొద్దున బండి మీద వచ్చాడు. రెండు ఫోటోలూ చూపించి, జరిగింది చెప్పాం. అతను పెద్దగా ఆశ్చర్యపోలేదు. సంపుటాన్ని తెరిచి, వీపు విరిగిపోతుందేమో అన్నంత వెనక్కి వంచి, పేజీ లోపలి అంచున కుట్టు దగ్గర వేలు పెట్టాడు.

"ఇదో పట్టీ. ఇది నాయన వేసిన పేజీ అక్కా" అన్నాడు.

అంచు పొడవునా సన్నటి కాగితపు పట్టీ అంటించి ఉంది. దాని చుట్టూ లేత పచ్చటి మరక. మైలుతుత్తం మరక.

"వేసిన పేజీ అంటే ఏంది?" అంది అక్క.

"ఆ మిషన్ బంగళాలో ఈ పుస్తకాలు రెండు జతలు ఉండె. ఒకటి నల్లట్ట, ఒకటి పచ్చట్ట. రెండూ సగం సగం కుళ్లిపొయ్యినాయి. నాయన నల్లట్ట దాంట్లో పాడైన పేజీలు తీసేసి, పచ్చట్ట దాంట్లో బాగున్నవి ఏరి, నంబర్లు కలుపుకుంటా పట్టీలతో అతికించి ఒక జత చేసినాడు. లోపల అవే బొమ్మలు, అవే నంబర్లు, ఏమీ తేడా లేదు. నేనే పేజీలు అందిచ్చినాను గదా."

అక్క చేయి బల్ల అంచు పట్టుకుంది. "నువ్వు అందిచ్చినావా?"

"నీకు చెప్పొద్దన్నాడు నాయన. అతుకులబొంత ఇచ్చినానని నువ్వు అనుకుంటావని. అయినా పుస్తకం నిండుగానే ఉండాది గదక్కా, తప్పేముంది?"

నిజంగానే తప్పేముందో అతనికి తెలియదు. నలభై ఎనిమిదేళ్లు ఆ సంగతి కడుపులో పెట్టుకుని, ఏ మాట ఏ ఏటిదో ఆమె చెబుతుంటే విని తల ఊపి, ఇప్పుడు టీ ఉందా అన్నట్లు చెప్పేశాడు. నాకు వాణ్ని ఒక్కటి పీకుదామన్నంత కోపం వచ్చింది. అక్క ముఖం చూసి ఆగిపోయాను. ఆమె తమ్ముణ్ని చూడటం లేదు. బీరువా వైపు చూస్తోంది.

జరిగింది అప్పటికే ఆమెకు అర్థమైపోయింది. తర్వాత నాకు విడమరిచి చెప్పింది. అలాంటి పెద్ద పుస్తకాలకు అచ్చు పలకలు దాచి ఉంచేవారట. కొన్నేళ్లకు మళ్లీ అచ్చు వేసేటప్పుడు పాత పలకల్నే వాడుకుంటూ, కొత్త సంగతులు చేర్చాల్సిన చోట మాత్రం ఒక పేరా తీసేసి అంతే పొడవున్న మరో పేరా పెట్టేవారు. కాబట్టి నంబర్లు కదలవు, బొమ్మలు కదలవు. నల్లట్ట జత మొదటి ముద్రణ. పచ్చట్ట జత ఎన్నో ఏళ్ల తర్వాతిది. మదార్ గారు నంబరు ఒకటైతే పేజీ ఒకటే అనుకున్నాడు. అచ్చయిన ఏడు ఉన్న మొదటి పేజీ మాత్రం శుభ్రంగా ఉందని నల్లట్ట దాంట్లోదే ఉంచాడు. అంటే పుస్తకం ముఖాన ఒక ఏడు, లోపల రెండు కాలాలు.

"మిగిలినవి చూడాల" అంది అక్క.

మిగిలినవంటే నిఘంటువు ఒప్పుకున్న పది మాటలు. అవి చూడొద్దని చెప్పాలనిపించింది. అప్పటికే ఆమె మంచు యంత్రం పేజీ తీసింది. కలీం వెనక్కి వంచాడు. పట్టీ ఉంది, పచ్చ మరక ఉంది. తోళ్ల పదును పేజీ తీసింది. అక్కడా ఉంది. సముద్రపు తంతి పేజీకి పట్టీ వెతకడం కూడా అక్కర్లేకపోయింది, మరక అచ్చు దాకా పాకి ఉంది. అన్నేళ్లూ దాన్ని తేమ మరక అనుకుందట. సంపుటం తర్వాత సంపుటం బీరువాలోంచి దిగింది. ఒక్కటైనా మిగలకపోతుందా అని నేను ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. పదింటికి పది, మదార్ గారు వేసిన పేజీలే.

"అన్నీ ఎట్టా అక్కా? అంత పుస్తకంలో నీ మాటలన్నీ సరిగ్గా ఆ పేజీల మీదే ఎట్టా పడినాయి?" అన్నాను.

అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది.

"అక్కడే పడతాయి విజయా. పాత పేజీలో కొత్త మాట కనబడితే గదా నేను ఆగేది? కొత్త మాట కనబడిందంటేనే అది పచ్చట్ట దాంట్లోది. నేను ఎగిరి గంతేసిన ప్రతి చోటా నాయన చెయ్యి ఉండాది."

కలీం అప్పటికి గాని బెదరలేదు. "నాయన ఏదన్నా తప్పు చేసినాడా అక్కా?" అని చిన్న గొంతుతో అడిగాడు. ఆమె వాడి భుజం తట్టి, అన్నం తిని పొమ్మంది.

వాడు వెళ్లాక నేను ఊరుకోలేదు.

"చూడక్కా, వాళ్లు అడిగింది ఒక్క మాట సంగతి. ఆ ఒక్కటీ పొరపాటని రాసెయ్. మిగతా పదీ అడగలేదు గదా."

"అడగరు. నా మీద నమ్మకం పెట్టుకున్నారు కాబట్టి అడగరు."

"ఎవరికి నష్టం? ఏదో మాటకు ఏదో ఏడు. లోకం తలకిందులవుతాదా?"

"పిల్లకాయ కాపీ కొట్టి రాసిన జవాబుకు నువ్వు మార్కులు వేసినావా ఎప్పుడన్నా?"

"నువ్వు కాపీ కొట్టలేదు గదా."

"లేదు. కానీ ఇప్పుడు తెలిసింది గదా."

నేను ఆమెకు మంచి చెప్తున్నాననే అనుకున్నాను. ఇన్నేళ్ల ఆమె కష్టం ఒక్క పూటలో ఊడ్చుకుపోతుంటే చూడలేకపోయాను, అంతే. ఆమె మాత్రం బల్ల ముందు కూర్చుంది. పదకొండు మాటల గురించీ రాసింది. అదంతా చకచకా సాగింది. ఆ పేజీలు పుస్తకంలోకి ఎలా వచ్చాయో చెప్పే చోట ఆగిపోయింది. ఎలా రాసినా తండ్రి దొంగ పుస్తకం చేసినవాడిలా కనిపిస్తున్నాడని కొట్టేసింది. మళ్లీ రాసింది, మళ్లీ కొట్టేసింది. కళ్ల నీళ్లు ఫోను మీద పడుతుంటే కొంగుతో తుడుచుకుంటూ రాసింది. చివరికి ఏం రాశావంటే తెలుగులో చెప్పింది. "మా నాయన పుస్తకాలు కుట్టేవాడు. పేజీ లేని పుస్తకాన్ని ఆయన చూడలేడు. ఇది నా కోసం చేసినాడు."

పంపేసింది.

గణేష్‌కు నేనే చెప్తానన్నా వినలేదు. ఆ సాయంత్రమే మేత దుకాణానికి తనే నడిచి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. సంగతంతా ఓపికగా చెప్పి, ఆదివారం సభ వద్దంది.

"అయితే ఆ మాట అబద్ధమా మేడమ్?"

"మాట నిజమే గణేష్. నేను చెప్పిన ఏడే నిజం కాదు."

"ఏడుదేముంది మేడమ్, అటూ ఇటూ. ఎవరు చూడొచ్చినారు?"

"నేను చూసినాను గదా" అంది అక్క.

గణేష్ స్టూలు వేసుకుని ఎక్కి, తాళ్లు విప్పి, ఫ్లెక్సీ దించాడు. దింపేటప్పుడు ఆమె ఫోటో నేలకు తగలకుండా పట్టుకున్నాడు. తర్వాత అది మేత బస్తాల మీద కప్పిన పట్టా అయింది. ఎండలో రొయ్య వెలిసిపోయింది గాని అక్క ముఖం ఇంకా కనిపిస్తోంది.

నిఘంటువు వాళ్ల దగ్గర నుంచి కృతజ్ఞతలు చెబుతూ జవాబు వచ్చింది. ఒక సూచన కూడా చేశారు. వీలైతే రెండు ముద్రణల పేజీలనూ విడదీయించి వేరువేరుగా ఉంచమన్నారు, లేకపోతే రేపు ఆ పుస్తకం చూసిన ఇంకొకరూ మోసపోతారన్నారు. తర్వాత పది మాటల ఏళ్లూ ఒక్కొక్కటిగా మునుపున్న వాటికే మళ్లీ మారిపోయాయి. మారినప్పుడల్లా అక్క నాకు ఫోన్లో చూపించేది. నేను చూడనని ముఖం తిప్పుకునేదాన్ని.

కలీం కత్తి, సూది, దారం తీసుకుని వచ్చాడు. "విడదీసేదా అక్కా?" అన్నాడు.

విడదీస్తే నల్లట్ట దానికి సగం పేజీలు ఉండవు. పచ్చట్ట దానికీ ఉండవు. ఎనిమిది సంపుటాలూ బొక్కలమయం అవుతాయి. అక్క ఆ కత్తిని పక్కకు జరిపింది.

"వద్దు. కుట్టు ముట్టుకోబాక. ఒక్కో పేజీ వెనక్కి వంచి, పట్టీ ఉండేది ఏదో చూపించు, చాలు" అంది.

కలీం చూపిస్తూ పోయాడు. ఆమె మెత్తటి పెన్సిల్ తీసుకుని, పట్టీ ఉన్న ప్రతి పేజీ అడుగునా రాస్తూ పోయింది. రేపు ఎవరి చేతికి వచ్చినా తెలియాలని ఇంగ్లీషులో 'తర్వాతి ముద్రణ' అని రాసింది. దాని కింద తెలుగులో 'నాయన వేసినాడు' అని రాసింది. రెండో వరస వాళ్లకెందుకక్కా అని నేనడగలేదు. చాలా రోజులు పట్టింది. పెన్సిల్ మొన అరిగినప్పుడల్లా చెక్కి ఇవ్వడం నా పని.

మూడో సంపుటంలో చేపల పేజీ దగ్గర ఆమె ఆగింది. ఆక్వాకల్చర్ అన్న మాట మీద ఒకసారి వేలు పెట్టింది. వేలు తీసి, పేజీ అడుగున రెండు వరసలూ రాసి, నా వైపు చూసింది.

"ఒక్క పేజీ కూడా తక్కువ లేదన్నాడు విజయా. లెక్కబెట్టినానన్నాడు" అంది. పెన్సిల్ నా చేతికిచ్చి, కలీంను తర్వాతి పేజీ వంచమంది.